'రన్' అనే ఇంగ్లీషు మాటను ఒంటబట్టించుకోవడం ఎలా?

ఉద్యోగం కోసం బెంగళూరు వచ్చిన తెలుగువాళ్లను ఇంగ్లీషులోని పెద్ద మాటలు అంతగా ఇబ్బంది పెట్టవు. ఇంప్లిమెంటేషన్, డాక్యుమెంటేషన్ వంటివి కాలేజీ రోజుల నుంచే అలవాటు, పైగా వాటికి ఒకటో రెండో అర్థాలుంటాయి. ఇబ్బంది పెట్టేవి చిన్నప్పుడు బడిలో నేర్చుకున్న గెట్, సెట్, టేక్, రన్ వంటి చిన్న మాటలు. వాటి అర్థం మనకు తెలుసన్న ధీమాతో నిఘంటువు తెరవము, అక్కడే దెబ్బ తింటాము. ఈ వ్యాసంలో రన్ ఒక్కదాన్నే తీసుకుని, దాన్ని రోజువారీ వాడుకలోకి ఎలా తెచ్చుకోవాలో వరుసగా చెబుతాను. పద్ధతి పట్టుబడితే మిగిలిన చిన్న మాటలకూ అదే పనికొస్తుంది.

మొదట ఈ మాట ఎంత పెద్దదో తెలుసుకోండి. ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీష్ డిక్షనరీ రెండో కూర్పు 1989లో 20 సంపుటాలుగా వచ్చినప్పుడు అందులో అన్నిటికన్నా పొడవైన వివరణ 'సెట్' అనే మాటది. ఆ తరువాత సాగిన సవరణలో ఆ స్థానం రన్‌కు దక్కింది. క్రియగా దానికి 645 అర్థాలు తేలాయని 2011లో వెల్లడైంది. ఆ ఒక్క మాటను తేల్చడానికి పీటర్ గిల్లివర్ అనే సంపాదకుడికి దాదాపు తొమ్మిది నెలలు పట్టింది. అన్ని అర్థాలను వల్లె వేయడం ఎవరి వల్లా కాదు, ఇంగ్లీషు ఇంటి భాషగా పెరిగినవారు కూడా అలా నేర్చుకోలేదు. మనకు కావలసింది, ఎదుటివారి నోట రన్ వినబడగానే దాన్ని ఏ తెలుగు క్రియ పక్కన కూర్చోబెట్టాలో క్షణంలో తేల్చుకునే నేర్పు.

ఇంత పట్టుదలగా చెప్పడానికి కారణం ఉంది. నేను ఈ ఊరికి వచ్చిన తొలి ఏడాది, ఔటర్ రింగ్ రోడ్డు మీది ఒక కంపెనీలో సరుకు సరఫరాదారులకు బకాయిల వివరాలు మెయిల్ చేసే ప్రోగ్రామ్ ఒకటి రాశాను. మా టీమ్ లీడ్ చూసి, 'ప్లీజ్ రన్ ఇట్ బై ఫైనాన్స్ ఫస్ట్' అని ఒక్క ముక్క రాసింది. రన్ అన్నది కంటికి కనబడగానే ఫైనాన్స్ వాళ్ల కోసం ముందు దాన్ని నడిపించమంటున్నారని అర్థం చేసుకుని, ఆ మధ్యాహ్నమే నడిపించేశాను. సరిచూడని మొత్తాలతో మెయిళ్లన్నీ బయటికి వెళ్లిపోయాయి. మరునాడు పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒక్కొక్కరికి ఫోన్ చేసి సర్దిచెప్పుకోవలసి వచ్చింది. మా లీడ్‌ది నెల్లూరు. కోప్పడలేదు గానీ, 'ఫైనాన్స్ వాళ్లకి ఒకసారి చూపించమన్నాను గదా, నడిపించమన్లేదు గదా తమ్ముడూ' అంది. ఆ 'చూపించు', 'నడిపించు' అన్న రెండు తెలుగు మాటల మధ్య నాకు దారి దొరికింది. ఇంగ్లీషు మాటకు ఇంగ్లీషు అర్థాలు వెతకడం మాని, మన క్రియలతో దాన్ని విడదీయడం అప్పుడే మొదలుపెట్టాను.

ముందు తెలుగు క్రియను పట్టుకోండి

రన్ అనగానే మనసులో 'పరుగెత్తు' మెదలడం సహజం. ఆ అలవాటును కావాలని పక్కన పెట్టి, మొదటగా 'నడుచు' పెట్టి చూడండి. మనుషులూ జంతువులూ కాళ్లతో పరుగెత్తే సందర్భాలను మినహాయిస్తే, ఇంగ్లీషు పరుగెత్తే చోట తెలుగు చాలావరకు నడుస్తుంది. బస్సు నడుస్తుంది, మెస్సు నడుస్తుంది, కోర్టులో కేసు నడుస్తుంది, కంపెనీ నడుస్తుంది, పెళ్లి చేయడానికి వీల్లేని మూఢం నడుస్తుంది. వీటిలో మూఢం తప్ప మిగిలిన అన్నిటికీ ఇంగ్లీషులో రన్ సరిపోతుంది.

'నడుచు' పొసగని చోట నీళ్ల సంగతేమో చూడండి. ద్రవం కదిలితే మన భాషలో పారడం, కారడం. 'ద ట్యాప్ ఈజ్ రన్నింగ్' అంటే కుళాయి కట్టకుండా వదిలేశారు, నీళ్లు పారుతున్నాయి; 'మై నోజ్ ఈజ్ రన్నింగ్' అంటే ముక్కు కారుతోంది, 'ద కలర్ ర్యాన్' అంటే ఉతికితే రంగు దిగింది. యంత్రాల దగ్గర 'ఆడు' కూడా పనికొస్తుంది. పిండిమర ఆడుతుంది, గడియారం ఆడుతుంది, హాల్లో సినిమా వంద రోజులు ఆడుతుంది. మూడింటికీ ఇంగ్లీషులో రన్నే. ఇక రోడ్లు, తీగలు, గోడలు కదలవు, అయినా ఇంగ్లీషులో అవీ రన్ అవుతాయి. 'ద రోడ్ రన్స్ ఎలాంగ్ ద లేక్' అంటే రోడ్డు చెరువు పక్కగా పోతుంది. రోడ్డు 'పోవడం' మనకూ ఉంది కనుక దీన్ని పట్టుకోవడం తేలిక. వైట్‌ఫీల్డ్ నుంచి చల్లఘట్ట దాకా మెట్రో పర్పుల్ లైన్ 2023 అక్టోబరు 9 నుంచి పూర్తిగా నడుస్తోంది. 'ద పర్పుల్ లైన్ రన్స్ ఫ్రమ్ వైట్‌ఫీల్డ్ టు చల్లఘట్ట' అన్న వాక్యాన్ని పట్టాలు పరుచుకుని ఉన్నాయనీ తీసుకోవచ్చు, రైళ్లు నడుస్తున్నాయనీ తీసుకోవచ్చు. రెండూ ఒప్పే.

ఈ ఊళ్లో ఉన్నందుకు మనకు ఇంకొక సాయం దొరుకుతుంది. కన్నడంలో 'ఓడు' అంటే పరుగెత్తు. ఆటో అతను 'గాడి ఓడిసు' అన్నప్పుడు బండి నడపడమని అర్థం, సినిమా బాగా ఆడితే 'ఓడ్తిదె' అంటారు. అంటే బండి, సినిమా విషయంలో కన్నడం ఇంగ్లీషుతో కలిసి పరుగెత్తుతుంది, తెలుగు నడుస్తుంది, ఆడుతుంది. అంగడి దగ్గరకొచ్చేసరికి కన్నడిగులూ మనలాగే 'నడెసు' అంటారు. కొత్తగా వచ్చిన మనవాళ్లు 'ఓడిద' అన్న మాట విని ఎవరో ఓడిపోయారనుకుంటారు, నిజానికి వాడు పరుగెత్తాడు. మన 'ఓడు'కు ఓటమి ఒక్కటే అర్థమనుకోవద్దు. పత్రికలు 'రక్తమోడుతున్న రహదారులు' అని రాసేటప్పుడు ఆ ఓడుకు కారడమని అర్థం. రక్తం కారడానికి ఇంగ్లీషు కూడా రన్‌నే వాడుతుంది. మీ చుట్టూ వినబడే భాషల్లో ఏ క్రియ ఎక్కడ వస్తోందో గమనించడం మొదలుపెడితే రన్ దానంతట అదే విచ్చుకుంటుంది.

తరువాత, వెనుక కర్మ ఉందో లేదో చూడండి

తెలుగులో నడుచు వేరు, నడుపు వేరు. ఆడు వేరు, ఆడించు వేరు. తిరుగు వేరు, తిప్పు వేరు. తనంతట తాను జరిగేదాన్నీ, ఒకరు జరిపించేదాన్నీ మన భాష క్రియలోనే విడదీసి చూపిస్తుంది. ఇంగ్లీషులో రన్ రెండింటికీ ఒకటే. అందువల్ల మీ కన్ను రన్ తరువాతి మాట మీదికి వెళ్లాలి. అక్కడ ఒక వస్తువో పనో నేరుగా కనబడితే 'నడుపు' వర్గం, లేకపోతే 'నడుచు' వర్గం. 'ద జెనరేటర్ రన్స్' అంటే జనరేటరు నడుస్తుంది, 'ద వాచ్‌మన్ రన్స్ ద జెనరేటర్' అంటే వాచ్‌మన్ దాన్ని నడుపుతాడు. 'షీ రన్స్ ఎ పీజీ ఇన్ మారతహళ్లి' అంటే ఆవిడ మారతహళ్లిలో పీజీ నడుపుతోంది. ఆఫీసులో వినబడే రన్ ఎ రిపోర్ట్, రన్ ఎ టెస్ట్, రన్ ఎ క్వెరీ అన్నీ ఈ వర్గంవే.

దీనికి ఒక మినహాయింపు ఉంది, ఆసుపత్రిలో అది తప్పకుండా ఎదురవుతుంది. 'ఆర్ యూ రన్నింగ్ ఎ టెంపరేచర్?' అన్నప్పుడు వెనుక కర్మ ఉన్నా రోగి జ్వరాన్ని నడపడం లేదు, జ్వరం ఉందా అని అడుగుతున్నారంతే. అలాగే 'డజ్ ఇట్ రన్ ఇన్ ద ఫ్యామిలీ?' అనే ప్రశ్న. చిత్తూరు నుంచి వచ్చిన మా పెద్దమ్మను డాక్టరు దగ్గరికి తీసుకెళ్లినప్పుడు ఈ ప్రశ్న నా వంతుకు వచ్చింది. మాటకు మాట పెట్టి తెలుగులో చెప్పబోతే వాక్యం కుదరలేదు. చివరికి, 'మీ ఇంట్లో ఇంకెవరికైనా షుగర్ ఉందా పెద్దమ్మా?' అని అడిగాను. 'మా నాయనకుండె, మా అన్నకూ ఉండాది' అంది. డాక్టరుకు కావలసింది ఆ జవాబే. రన్ ఇన్ ద ఫ్యామిలీకి మనకు తగిన మాట 'వంశంలో ఉంది'. జబ్బుకే కాదు, పాట పాడే గొంతుకూ, తొందరపాటుకూ ఇదే చెల్లుతుంది.

ఆ వెంటనే వచ్చే చిన్న ముక్కను వదలవద్దు

రన్‌తో వచ్చే పొరపాట్లలో ఎక్కువ భాగం అవుట్, ఇంటు, ఓవర్, డౌన్, బై వంటి చిన్న ముక్కల దగ్గర జరుగుతాయి. రన్ విన్న వెంటనే అర్థం తేల్చేయకుండా, తరువాతి రెండు మూడు మాటలు వినేదాకా ఆగండి.

అన్నిటికన్నా ముందు నేర్చుకోవలసింది 'రన్ అవుట్'. క్రికెట్ వల్ల మనకు రనౌట్ తెలుసు గానీ ఇంట్లో, ఆఫీసులో దాని అర్థం అయిపోవడం. 'ద మిల్క్ హ్యాజ్ రన్ అవుట్' అంటే పాలు అయిపోయాయి. ఇక్కడ కర్త పాలు, తెలుగులోనూ పాలే కాబట్టి ఇబ్బంది లేదు. కానీ ఇంగ్లీషులో ఎక్కువగా వినబడేది 'వీ హావ్ రన్ అవుట్ ఆఫ్ మిల్క్'. ఇందులో కర్త మనుషులు. తెలుగులో 'మేము పాలు అయిపోయాము' అనము గనుక ఈ వాక్యం మన నోట రాదు, దాని బదులు 'మిల్క్ ఈజ్ ఓవర్' అంటాము. ఆ లోటు తీరాలంటే మీరు కావాలని సాధన చేయాలి. మనుషులు కర్తగా ఉండి, ఏది అయిపోయిందో కూడా చెబితే 'ఆఫ్' తప్పకుండా రావాలి, అయిపోయిన వస్తువే కర్తగా ఉంటే ఆఫ్ రాకూడదు. టైమ్, పేషెన్స్, డేటా, క్యాష్ అనే నాలుగు మాటలతో ఈ రెండు రూపాలూ పైకి పలుకుతూ పది రోజులు చేస్తే చాలు.

రెండోది నన్ను ఇబ్బంది పెట్టిన 'బై'. దీనికి రెండు రూపాలున్నాయి, మాటల వరుసే వాటిని విడదీస్తుంది. 'ద మెస్ ఈజ్ రన్ బై ఎ కపుల్ ఫ్రమ్ ఒంగోలు' అన్నప్పుడు రన్, బై పక్కపక్కనే ఉన్నాయి, ముందు ఈజ్ ఉంది. అర్థం, ఒంగోలు నుంచి వచ్చిన దంపతులు ఆ మెస్సు నడుపుతున్నారని. 'రన్ ద డ్రాఫ్ట్ బై హర్' అన్నప్పుడు రన్‌కూ బైకీ నడుమ విషయం దూరింది, బై తరువాత మనిషి ఉన్నారు. అర్థం, ఆ డ్రాఫ్టు ఆమెకు ఒకసారి చూపించి అభిప్రాయం తీసుకోమని. అంటే నడుమ ఏదైనా దూరితే చూపించడం, దూరకపోతే నడపడం. ఈ ఒక్క తేడా తెలిసి ఉంటే నాకు ఆ రోజు అన్ని ఫోన్లు చేసే పని ఉండేది కాదు.

'ఇంటు'ను ఢీకొనడం, ఎదురుపడడం, లెక్క అంతదాకా వెళ్లడం అని మూడుగా పెట్టుకోండి. గోడను ఢీకొనవచ్చు, మెజెస్టిక్ బస్టాండులో పాత స్నేహితుడు ఎదురుపడవచ్చు, ఇంటి అడ్వాన్సు లక్షల్లోకి వెళ్లవచ్చు. 'ఓవర్' బండి చక్రానికి చెప్తే తొక్కించడం, మీటింగుకు చెప్తే అనుకున్న సమయం దాటడం. 'డౌన్' బ్యాటరీకి చెప్తే ఛార్జింగు దిగిపోవడం, మనిషిని గురించి చెప్తే నీరసించడం, మనిషి మరొకరిని చేస్తే వెనుక చులకనగా మాట్లాడడం. 'త్రూ' ఒకసారి మొదటి నుంచి చివరిదాకా చూసుకోవడం. 'అప్' బిల్లుతో వస్తే పెరిగేలా చేయడం. వీటిని ఒకేసారి నేర్చుకోవాలని చూడకండి, వారానికి ఒకటి చాలు.

రన్నింగ్ అని వినబడితే

ఈ రూపం తెలుగులో ఎప్పుడో కలిసిపోయింది. రన్నింగ్ బస్సు ఎక్కవద్దంటాము, పాత బండి అమ్మేటప్పుడు రన్నింగ్ కండిషన్‌లో ఉందంటాము. డబ్బు దగ్గర మాత్రం ఇది జాగ్రత్తగా వినవలసిన మాట. కుందలహళ్లిలో కొత్తగా ఫ్లాటు కొనుక్కున్న ఒక చెల్లెలు వంటింటి చెక్కపనికి కొటేషన్ తెచ్చి నాకు చూపించింది. 'అన్నా, రేటు ఒకటే గదా, ఇద్దరిలో ఎవరైనా ఒకటే గదా' అంది. ఒకరు రన్నింగ్ ఫుట్ లెక్క రాశారు, మరొకరు స్క్వేర్ ఫుట్. రన్నింగ్ ఫుట్ అంటే పొడవు మాత్రమే కొలిచే లెక్క, ఎత్తు అందులోకి రాదు. పది అడుగుల పొడవు, రెండున్నర అడుగుల ఎత్తు ఉన్న అల్మారా రన్నింగ్ లెక్కలో 10 అడుగులు, స్క్వేర్ లెక్కలో 25 అడుగులు. అడుగు రేటు ఒకటే అయినా రెండో బిల్లు రెండున్నర రెట్లు అవుతుంది. వడ్రంగి పని అయినా, గ్రానైట్ అంచు పని అయినా, కొటేషన్ చేతికి రాగానే ముందు ఆ ఒక్క మాట చూడండి. భవన నిర్మాణంలో రన్నింగ్ బిల్లు అన్నదీ ఉంది. పని సాగుతుండగానే అప్పటిదాకా అయిన మేరకు కాంట్రాక్టరు పెట్టే బిల్లు అది, ఆఖరి బిల్లు వేరుగా వస్తుంది.

రన్నింగ్ వాక్యంలో ఎక్కడ కూర్చుందో కూడా గమనించండి. 'రన్నింగ్ వాటర్' అంటే పారే నీరు, మాట ముందు వచ్చింది. 'త్రీ డేస్ రన్నింగ్' అంటే వరుసగా మూడు రోజులు, మాట వెనుక వచ్చింది. 'ఐ యామ్ రన్నింగ్ లేట్' అంటే ఆలస్యమవుతోందని. సిల్క్‌బోర్డ్ కూడలి ట్రాఫిక్‌లో కదలని బండిలో కూర్చున్నవారు కూడా ఆ వాక్యం చెప్పవచ్చు, అందులో తప్పు లేదు.

నామవాచకంగా వచ్చే రన్ గురించి పెద్దగా భయపడనక్కరలేదు. క్రికెట్‌లో పరుగు మనకు తెలిసిందే, బంతి నేరుగా బౌండరీ దాటితే ఎవరూ పరుగెత్తకుండానే అవి ఆరు రన్నులే. 'ఎ రన్ ఆన్ ద బ్యాంక్' అంటే డబ్బు వెనక్కు తీసుకోవడానికి జనం బ్యాంకు మీద ఎగబడడం. 'ఇన్ ద లాంగ్ రన్' అంటే పోనుపోను. ఎన్నికల దగ్గర ఒక చిన్న ముచ్చట: అమెరికాలో పదవికి రన్ అవుతారు, బ్రిటన్‌లో స్టాండ్ అవుతారు. మనం 'ఎలక్షన్లో నిలబడ్డాడు' అంటాము కాబట్టి ఆ విషయంలో మన పలుకుబడి బ్రిటన్ వైపుంది.

రూపాలు కూడా ఒకసారి సరిచూసుకోండి. వర్తమానం రన్, భూతకాలం ర్యాన్, హావ్, హ్యాజ్, హ్యాడ్‌ల తరువాత మళ్లీ రన్. 2024 ఎండాకాలంలో ఈ ఊళ్లో బోర్లు ఎండిపోయినప్పుడు అపార్ట్‌మెంట్ గ్రూపుల్లో చాలామంది 'ద బోర్‌వెల్ హ్యాజ్ ర్యాన్ డ్రై' అని రాశారు. అక్కడ రావలసింది 'హ్యాజ్ రన్ డ్రై'.

నెల రోజుల సాధన

ఒక చిన్న నోటుబుక్కు పెట్టుకోండి. ఫోనులో కన్నా చేత్తో రాస్తే ఎక్కువ గుర్తుంటుందని నా అనుభవం. రోజూ మెయిల్లోనో, నోటీసుబోర్డు మీదో, ఎదుటివారి నోటనో రన్ ఎక్కడ తగిలినా ఆ వాక్యం మొత్తం రాయండి, మాట ఒక్కటే రాస్తే పనికిరాదు. దాని కింద మీ ఇంటి తెలుగులో అదే సంగతి ఎలా చెబుతారో రాయండి. పుస్తకాల తెలుగు వద్దు, అమ్మతో ఫోనులో చెప్పే తెలుగు కావాలి. వారం చివర ఇంగ్లీషు వైపు చేత్తో మూసి, మీ తెలుగు వాక్యం చూసి ఇంగ్లీషు చెప్పండి. పని అంతా ఈ వెనక్కు నడిచే భాగంలోనే ఉంది. అర్థం చేసుకోవడం చాలామందికి వస్తుంది, సమయానికి నోట పలకడమే రాదు. రెండు వారాల తరువాత మీ పుస్తకంలో నడుచు, నడుపు, కారు, ఆడు, అయిపోవు, ఎదురుపడు, చూపించు అనే మాటలు మళ్లీమళ్లీ వస్తుంటాయి. ఏ వాక్యానికైనా వీటిలో ఏదీ సరిపోకపోతే దాన్ని వేరే పేజీలో రాసి, నిఘంటువు తెరవండి. అప్పుడు ఆ 645లో మీకు కావలసినది వెతకడం కష్టం కాదు.

పరీక్ష కోసం, మా అపార్ట్‌మెంట్ లిఫ్టు పక్కన అంటించిన నోటీసు ఒకటి ఇక్కడ పెడుతున్నాను. కింద నేను రాసిన తెలుగు చూడకముందే మీ మాటల్లో చెప్పి చూడండి. 'ద జెనరేటర్ విల్ రన్ ఫ్రమ్ టెన్ టు ఫోర్. డీజిల్ ఈజ్ రన్నింగ్ లో. ప్లీజ్ డూ నాట్ రన్ గీజర్స్.'

అదే రోజు సాయంత్రం, ఇంగ్లీషు రాని మా పక్కింటి అత్తగారికి నేను దాన్ని ఇలా చదివి చెప్పాను: 'పదింటి నుంచి నాలుగింటి దాకా జనరేటరు నడుస్తుందంట అత్తా, డీజిలు అయిపోవస్తోందంట, గీజర్ వెయ్యొద్దంటున్నారు.'